గుత్తితో మూడో ఆట

నేను బేస్‌బాల్ ఆడతానని చెబితే మా జిల్లాలో చాలామందికి క్రికెట్ అనే వినిపిస్తుంది. కాదు, అది వేరే ఆట అంటే, ఆ వేరే ఆట ఎందుకమ్మా అని అడుగుతారు. జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇప్పుడు ఊరికే తల ఊపి వెళ్లిపోతున్నాను. గుత్తి జట్టుతో మేం ఆడిన ఫైనల్ సంగతి ఎత్తితే మాత్రం అలా వెళ్లిపోలేను. ఆ ఏడాది గెలిచింది మీరే కదా, అంటారు. కాదు, అంటాను. కప్పు మీకే ఇచ్చారు కదా, అంటారు. ఇచ్చారు, అంటాను. అక్కడినుంచి మొత్తం చెప్పవలసి వస్తుంది. చెప్పిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ఆ మంట చల్లారాలని నేనెప్పుడూ కోరుకోలేదు.

మాది శింగనమల పక్కన చిన్న పల్లె. నాయనకు గుట్ట వారన మెట్ట భూమి ఉంది. ఏటా శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటాడు. నేను హైస్కూల్లో ఉండగా మా డ్రిల్లు సారు ఎక్కడినుంచో ఒక బ్యాటు, కొన్ని పాత గ్లవ్స్ పట్టుకొచ్చి ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టాడు. కలుపు తీసిన కాళ్లు, ఎంతసేపైనా గొంతుక్కూర్చోగలవు అని నన్ను క్యాచర్‌ను చేశాడు. పిచర్ విసిరే బంతి బ్యాటుకు తగలకపోతే వెనక కూర్చుని దాన్ని పట్టుకోవాలి. అదీ క్యాచర్ పని. ముఖానికి ఇనుప చువ్వల ముసుగు, ఛాతీకి దిండులాంటి కవచం. మొదటిసారి నన్ను ఆ వేషంలో చూసి అమ్మ నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

చదువు అయ్యాక అనంతపురంలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేరాను. ఆ రోజుల్లోనే చుట్టుపక్కల డబ్బున్న కొందరు కలిసి ఆడవాళ్ల బేస్‌బాల్ లీగు పెట్టారు. టీవీలో క్రికెట్ లీగులు చూసి పుట్టిన ఆలోచన. జట్టుకొక యజమాని, మా చొక్కాల వీపు మీద అతని వ్యాపారం పేరు. మా యజమానికి బోర్లు వేసే లారీలున్నాయి. గుత్తి జట్టు యజమానికి బండల ఫ్యాక్టరీ ఉంది. ఆడినన్నాళ్లూ జీతం ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. ఆ మాటకొస్తే వాళ్ల మీద నాకు ముందునుంచీ కోపమేమీ లేదు. ఎండలో ఉచితంగా ఆడిన ఆటకు ఎవరో జీతం ఇస్తుంటే కోపం ఎందుకు వస్తుంది?

గుత్తి వాళ్లతో మాకు బడి రోజుల నుంచీ పడేది కాదు. ఏ పోటీకి వెళ్లినా చివరికి వాళ్లూ మేమే మిగిలేవాళ్లం. వాళ్ల పిచర్ నాకంటే చిన్నది, సన్నగా పొడుగ్గా ఉండేది. జడను చొక్కా లోపలికి దోపుకునేది. వాళ్ల నాయన గుత్తిలో పెద్దరోడ్డు మీద లారీ సీట్లకు రెగ్జిన్ కుట్టేవాడు. మసీదు వెనక వీధిలో ఇల్లు. కుట్లు ఊడిన బంతుల్ని ఆయనే కుట్టి ఇచ్చేవాడు, గుత్తి జట్టువే కాదు, మావి కూడా. కూతురు మాత్రం అంత మెతక మనిషి కాదు. ఒకసారి నేను బ్యాటు పట్టుకుని ఉంటే ఆమె విసిరిన బంతి నా పక్కటెముకలకు తగిలింది. కావాలనే వేసిందని నేను. నువ్వే ముందుకు వంగినావు అని ఆమె. ఆ తర్వాతి ఆటలో ఆమె పరుగెత్తుకుంటూ వస్తే నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. ఇద్దరం దొర్లిపోయాం. ఆమె కొన్ని వారాలు కుంటింది. అప్పటినుంచి ఎదురుపడితే "ఏమక్కా" అనేది. అంతే. అందులో ఆప్యాయత ఏమీ ఉండేది కాదు.

లీగులో మొదటి రెండు స్థానాలు మావే అయ్యాయి. ఫైనల్ ఒక్క ఆట కాదు, మూడింటిలో రెండు గెలిచినవాళ్లకు కప్పు.

మొదటి ఆట గుత్తిలో, కోట కింద ఉన్న మైదానంలో జరిగింది. ఎదురుగా అంత ఎత్తు కొండ ఉన్నా మైదానంలో చిటికెడు నీడ లేదు. రైల్వే క్వార్టర్స్ నుంచి జనం వచ్చారు. గుత్తి అమ్మాయి ఆ రోజు విసిరిన బంతులు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. నేరుగా ఛాతీ ఎత్తులో వస్తున్నట్టే వచ్చి, బ్యాటు తిప్పే క్షణానికి మోకాళ్ల దగ్గరికి దిగిపోయేవి. నేను బ్యాటుకు వెళ్లిన ప్రతిసారీ గాలిని కొట్టి తిరిగొచ్చాను. చిత్తుగా ఓడిపోయాం. తిరుగు బస్సు ఎక్కాం. పామిడి దాటాక మా కోచ్ ఒక్క మాట అన్నాడు, "ఆ యమ్మి చేతికి మనం దండం పెట్టాలప్పా" అని. నాకు ఒళ్లు మండిపోయింది.

రెండో ఆట అనంతపురంలో. ఆ రోజు వాళ్ల పిచర్ అలసిపోయి ఉంది, మాకు కసి ఉంది. బేస్‌లనే నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. వాళ్ల అమ్మాయి ఒకతి, బంతి ఎవరూ కొట్టకముందే పరుగెత్తి రెండో బేస్ దొంగిలించబోతే నేను కూర్చున్నచోటు నుంచే లేచీ లేవకుండా విసిరి అవుట్ చేశాను. అది నా జీవితంలో నేను వేసిన మంచి విసురు. గెలిచాం. మూడో ఆట, అంటే కప్పు ఎవరిదో తేల్చే ఆట, మళ్లీ అనంతపురంలోనే, తర్వాతి ఆదివారం.

ఆ వారం మా కోచ్ లీగు కార్యదర్శి దగ్గరికి వెళ్లి ఒక ట్యాంకరు నీళ్లు అడిగాడు. మైదానం మట్టి పిండిలా అయిపోయింది. బంతి నేలకు తగిలితే దుమ్ము లేచి కనబడటం లేదు. బేస్‌ల మధ్య కాస్త తడిపితే చాలు. కార్యదర్శి చాలా మర్యాదగానే చెప్పాడట, ఊళ్లో తాగేదానికే నీళ్లు రావడం లేదు, ఆట కోసం ట్యాంకరు తెస్తే జనం మొహాన ఉమ్ముతారు అని. మేం ఆ మాట ఒప్పుకున్నాం. మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాం. మాలో ఎవరింట్లో నీళ్ల బిందె కోసం వరసలో నిలబడని మనిషి ఉంది? శనివారం సాయంత్రం మేమే మైదానం పక్కనున్న హాస్టల్ కుళాయి నుంచి బకెట్లు మోసి, పిచర్ నిలబడే చోటు, బ్యాటు ఆడే చోటు మాత్రం తడుపుకున్నాం. తెల్లారేసరికి ఆ తడి కూడా లేదు. అయినా ఎవరినీ ఏమీ అనలేదు.

ఆదివారం ఆట పొద్దున్నే మొదలుపెట్టాం. నేను చూసిన ఆటల్లో అంత బిగువుగా సాగింది మరొకటి లేదు. ఏడు ఇన్నింగ్స్‌ల ఆట. వాళ్లు ఒక పరుగు తీస్తే మేం ఒకటి. దుమ్ము, చెమట కలిసి మా ముఖాలు మట్టిబొమ్మల్లా అయిపోయాయి. చివరి ఇన్నింగ్స్‌కు వచ్చేసరికి గుత్తి ఒక్క పరుగు ముందుంది. ఇక మిగిలింది మా చివరి బ్యాటింగ్. ముగ్గురు అవుటైతే బ్యాటింగ్ అయిపోయినట్టే, అప్పటికి ఇద్దరు అవుటయ్యారు. ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు, ఒకమ్మాయి రెండోదాని మీద, ఒకమ్మాయి మూడోదాని మీద. నేను అవుటైతే కప్పు గుత్తిది. గట్టిగా ఒక దెబ్బ కొడితే ఇద్దరూ ఇంటికి, అంటే నేను నిలబడే మూలకు, వచ్చేస్తారు, రెండు పరుగులు, కప్పు మాది. అంత తేటగా ఉంది లెక్క. నేను బ్యాటు తీసుకుని నడిచాను. గుత్తి అమ్మాయి బంతిని తొడకు రుద్దుకుంటూ నన్నే చూస్తోంది.

అప్పుడు మైదానం గేటు తెరుచుకుంది. ముందు పోలీసు జీపు వచ్చింది. దాని వెనక నీళ్ల ట్యాంకరు. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి.

కార్యదర్శి షామియానా కింద నుంచి చేతులు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఆట ఆపమన్నాడు. ఆ రోజు ఊళ్లో ఒక పెద్ద నాయకుడి సభ ఉందని మాకు తెలుసు. ఆయన హెలికాప్టర్ వేరేచోట దిగాలి. అక్కడ కరెంటు తీగలు అడ్డమని చివరి నిమిషంలో ఎవరికో గుర్తొచ్చిందట. అందుకని ఇక్కడ దిగుతుంది.

"ఎంతసేపు ఆగల్ల సార్?" అని అడిగాను.

"ఆగేది కాదమ్మా. ఇంక ఆట లేదు. అందరూ బయటికి పోండి."

ఇంకొక్క అవుట్ ఉందని, పది నిమిషాల్లో తేలిపోతుందని చెప్పాను. అతను నా ముఖం వైపు చూడలేదు, చేతి గడియారం వైపు చూశాడు. మా కోచ్, అంపైర్ ఇద్దరూ బతిమాలారు. ఈలోగా గుత్తి అమ్మాయి తన చోటు నుంచి దిగి వచ్చింది.

"ఆట లేదంటే మేం గెలిచినట్లే కదా సార్. మేం ముందుండాం. ఆ మాట చెప్పు, పోతాం."

"అది తర్వాత చూస్తాంలేమ్మా."

"తర్వాత కాదు. ఇప్పుడు చెప్పు."

అతను చెప్పలేదు. ఆమె తిరిగి వెళ్లి పిచర్ నిలబడే దిబ్బ మీద బాసిపట్లు వేసుకుని కూర్చుంది. బంతి ఆమె చేతిలోనే ఉంది.

నేను ఆమెకు ఎదురుగా, బ్యాటు ఆడే చోట కూర్చున్నాను. ఆమె మీద జాలితో కాదు. అప్పటికి నాకు ఆమె అంటే ఇష్టమేమీ లేదు. ఆమె చేతిలో ఉన్నది నేను ఆడవలసిన బంతి. అది ఆడకుండా నన్ను లేచి పొమ్మనడానికి వీళ్లెవరు అనిపించింది. బేస్‌ల మీదున్న మా అమ్మాయిలు కూడా కదల్లేదు. గుత్తి వాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే కూలబడ్డారు. కొద్దిసేపు మైదానమంతా అట్లా, ఆట మధ్యలో ఆగిపోయి కూర్చుంది.

ట్యాంకర్లు మా కోసం ఆగలేదు. హెలికాప్టర్ దిగితే దుమ్ము లేవకూడదు కదా. మా చుట్టూ తిరుగుతూ నీళ్లు చిమ్మాయి. కళ్లముందే నేల నల్లబడింది. మట్టి వాసన గుప్పుమంది, తొలకరి పడ్డప్పుడు వచ్చే వాసన. మా పల్లెలో ఆ వాసనకు ముసలివాళ్లు కూడా వాకిట్లోకి వచ్చి నిలబడతారు. ఆ రోజు నేను చొక్కా అంచుతో ముక్కు మూసుకున్నాను. ముందురోజు బకెట్లు మోసి బొబ్బలెక్కిన చేతులు ఒళ్లో పెట్టుకుని, బురద అంచు నా కాళ్ల దాకా రావడం చూస్తూ కూర్చున్నాను. తాగేదానికి లేవన్న నీళ్లు అవి. ఊరి జనం ఉమ్ముతారన్న నీళ్లు.

ఆడ పోలీసులు వచ్చారు. ఒకామె వంగి నా చెవి దగ్గర, "లేమ్మా తల్లీ, మామీద కోపం పెట్టుకోవద్దు, పైనుంచి తిడతాండారు" అంది. నేను లేవలేదు. ఇద్దరు చంకల కింద చేతులు వేసి నన్ను ఎత్తారు. నా బరువంతా వాళ్ల మీద వదిలేశాను. ఈడ్చుకుపోతుండగా తల తిప్పి చూశాను. గుత్తి అమ్మాయిని కూడా లేపారు గాని ఆమె బంతి వదలడం లేదు. ఎందుకు వదలాలి? ఆ బంతి ఆమెది, వాళ్ల నాయన కుట్టింది. సఫారీ చొక్కా వేసుకున్న ఒక మగమనిషి, పోలీసో, నాయకుడి తాలూకు మనిషో ఈ రోజుకీ తెలియదు, విసురుగా వచ్చి బంతి ఉన్న చేతిని వీపు వెనక్కి మెలేశాడు. ఆమె అరవలేదు. గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది. చెయ్యి తెరుచుకుంది. బంతి బురదలో పడింది. ఆ మనిషి దాన్ని బూటుతో పక్కకు తన్ని, సున్నం డబ్బా పట్టుకున్నవాణ్ని రమ్మని పిలిచాడు. ఆమె నిలబడే దిబ్బను చదును చేసి, హెలికాప్టర్ దిగడానికి దాని మీద తెల్లటి గుండ్రం గీశారు.

మమ్మల్ని తాడు అవతలికి నెట్టారు. హెలికాప్టర్ దిగింది. నీళ్లు చల్లినా దుమ్ము లేచింది. ఆ ఒక్క విషయం నాకు సంతోషం కలిగించింది.

కప్పు సంగతి ఎలా తేల్చారో మాకు చెప్పినవాడు మా కోచే. షామియానా కింద రెండు జట్ల యజమానులను నిలబెట్టి బొమ్మా బొరుసా వేశారట. ఇరుపక్షాలకూ అన్యాయం జరగకుండా ఉండాలని అట్లా చేశారట. ఆడినవాళ్లను ఒక్కరినీ పిలవలేదు. ముందున్న జట్టు ఏదో ఎవరూ అడగలేదు. మా యజమాని నెగ్గాడు. సభ దగ్గర వేదిక మీదికి కప్పు తీసుకెళ్లి నాయకుడి చేతుల మీదుగా మళ్లీ తనే తీసుకున్నాడు. క్రికెట్‌లో మన ఆడబిడ్డలు ఎవరికీ తీసిపోరని నాయకుడు మైకులో అన్నాడు. ఆ మాట నేను రోడ్డు మీద నుంచి విన్నాను.

రోడ్డు మీద ఎందుకున్నానంటే గుత్తి అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. మా కోచ్ వేదిక దగ్గరికి రమ్మని మనిషిని పంపాడు. నేను పోలేదు. ఆమె భుజం ముందుకు వేలాడి ఉంది. చున్నీతో చెయ్యి మెడకు కట్టాం. బండ్లన్నీ ఆపేశారు, ఆటోలు లేవు. ఆమె జట్టు అమ్మాయి ఒకవైపు, నేను ఒకవైపు నడిపించుకుంటూ వెళ్లాం. ప్రతి మలుపులో ఒక అడ్డకర్ర, ఒక పోలీసు. చుట్టూ తిరిగి పొమ్మన్నారు. చెయ్యి చూపించినా చుట్టూ తిరిగే పొమ్మన్నారు.  ఆసుపత్రి మెట్ల దగ్గర గుత్తి అమ్మాయి ఆగి, "నేను వేసుంటే నువ్వు కొట్టలేకపోయేదానివి అక్కా" అంది. కొట్టేదాన్ని అన్నాను. అంత నొప్పిలోనూ మూతి విరిచింది.

భుజం కీలు తప్పింది. దాన్ని సరిచేశారు. లోపల తంతువులు కూడా తెగాయని, మామూలు పనులకు ఇబ్బంది ఉండదని డాక్టరు చెప్పాడు.  మామూలు పనులంటే ఏమిటి? అంట్లు తోమచ్చు, బట్టలు ఉతకచ్చు, అంతేగా.

వాళ్ల నాయన సాయంత్రం బస్సుకు వచ్చాడు. ఆయన్ని చూడగానే నేను తల వంచుకున్నాను.

"నువ్వెందుకమ్మా తల దించుకుంటాండావు?" అన్నాడాయన. "చెయ్యి మెలేసినోడు దించుకోవాల."

మర్నాడు ఆయనతో కలిసి నేను ఫిర్యాదు ఇవ్వడానికి స్టేషనుకు వెళ్లాను. మెలేసినవాడి పేరు చెప్పమన్నారు. తెలియదన్నాం. పేరు తెలీకుండా కేసు ఎట్ల కడతామన్నారు. మీ మనుషుల పక్కనే ఉన్నాడు కదా, మీరే చెప్పండి అన్నాను. ఆ రోజు బందోబస్తుకు బయటి ఊళ్ల నుంచి కూడా వచ్చారని, ఎవరెవరో తమకూ తెలియదని చెప్పారు. మళ్లీ వెళ్లాం. ఈసారి లీగు కార్యదర్శి మాట తెచ్చి మా ముందు పెట్టారు. తడి నేల మీద అమ్మాయి జారిపడిందని, తను కళ్లారా చూశానని అతను చెప్పాడట. తడి నేల! ట్యాంకరు సంగతి నా నోట విన్న అమ్మాయి నాయన, కోపమంటే తెలియనట్టుండే మనిషి, ఆ మాట వినగానే కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "నీళ్లు అడిగినప్పుడు ల్యావంటిరి కదప్పా" అన్నాడు. ఎస్సైకి అదేమిటో అర్థం కాలేదు. మాకు అర్థమైంది. బయటికి వచ్చాక ఆయన చాలాసేపు నా స్కూటరు పక్కన నిలబడి చేతులు నలుపుకున్నాడు. కేసు కట్టలేదు. ఈ రోజు వరకు కట్టలేదు.

మా జట్టులో గొడవ ఆ వారమే మొదలైంది. కప్పు వెనక్కి ఇచ్చేద్దాం అన్నాను. మెడల్ నేను తీసుకోలేదు, మీరూ తీసుకోవద్దు అన్నాను. నాకు అది నాలుగు మాటల్లో తేలిపోయే విషయం అనిపించింది. మూడో బేస్ ఆడే అమ్మాయి నాతో చిన్నప్పటినుంచీ ఆడింది. తనకల్లు నుంచి వచ్చేది, ఇంట్లో తనే పెద్దది. ఆమె లేచి నిలబడింది.

"నీకు బడిలో ఉద్యోగం ఉండాది. అందుకే నీకు రోషం. గెలిచిన జట్టని సర్టిఫికెట్ ఇస్తాండారు. అది పెడితే నాకు క్రీడల కోటాలో పోలీసు ఉద్యోగం వస్తాది. నేనెందుకు వదులుకోవల్ల?"

పోలీసు ఉద్యోగం.  ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆ సర్టిఫికెట్ కోసమే ఆమె ఇన్నేళ్లు మోకాళ్లు గీరుకుంది. ఇంకా కొందరు ఆమె పక్కనే నిలబడ్డారు. వాళ్ల మీద నాకు కోపం వచ్చింది, ఆ కోపం వాళ్ల మీద చూపించడం తప్పని తెలిసి ఇంకా ఎక్కువ వచ్చింది. ఒక ఆడపిల్ల తన పొట్టకూటికి, తన ఎదురుజట్టు పిల్లకు జరిగిన అన్యాయాన్ని మింగాలి. అట్లా చేసిపెట్టినవాళ్లు ఏసీ గదిలో కప్పుతో ఫోటోలు దిగుతున్నారు. యజమాని నన్ను పిలిపించి, పెద్దవాళ్లతో ఎందుకమ్మా అని బుజ్జగించాడు. వచ్చే ఏడాది కెప్టెన్‌ను చేస్తానన్నాడు. ఆయన బోరులారీల పేరున్న చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. తనకల్లు అమ్మాయికి ఆ ఉద్యోగం వచ్చింది. మంచి పోలీసు అవుతుందనే నా నమ్మకం. మేం ఇప్పుడు మాట్లాడుకుంటాం, ఆ ఆట గురించి తప్ప.

గుత్తి అమ్మాయి నాకు ఫోన్ చేసింది చాలా నెలల తర్వాత. చెయ్యి పైకి లేస్తోందని చెప్పింది. మిగిలిపోయిన ఆట పూర్తి చేద్దామా అని అడిగింది. కొత్తగా ఆడటం కాదు. ఎక్కడ ఆగిందో అక్కడినుంచి. లీగు వాళ్లకు తెలిసి, అనుమతి లేని ఆటలో ఎవరు ఆడినా తీసేస్తామని కబురు పంపారు. అందుకని మా జట్టు నుంచి సగం మందే వచ్చారు. బేస్‌ల మీద నిలబడాల్సిన ఇద్దరిలో ఒకమ్మాయి రాలేదు. ఆమె బదులు మా చెల్లెలు నిలబడింది. అంపైరుగా మా పాత డ్రిల్లు సారు వచ్చాడు. చూడటానికి వచ్చినవాళ్లు గుత్తి వాళ్ల ఇళ్లవాళ్లే. వాళ్ల నాయన కొత్తగా కుట్టిన బంతి తెచ్చాడు.

కోట కింద అదే మైదానం. నేను బ్యాటు పట్టుకుని నిలబడ్డాను. ఆమె దిబ్బ ఎక్కింది. మొదటి బంతి చూడగానే నాకు తెలిసిపోయింది. వేగం లేదు. చివర్లో దిగడం లేదు. బడి పిల్లలకు వేసినట్టు మెల్లగా వచ్చింది. నేను బ్యాటు తిప్పలేదు. రెండోది కూడా వదిలేశాను. నా చేతులు కదల్లేదు, నిజంగానే.

ఆమె దిబ్బ దిగి నా దగ్గరికి వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

"నాకు భిక్ష వేస్తాండావా అక్కా?"

లేదన్నాను.

"అయితే కొట్టు. కొట్టేదానికి కాకపోతే నిన్ను ఈడికి పిలిచింది యాలకు?"

వెనక్కి వెళ్లింది. ఆ తర్వాతి బంతి ఆమె ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వేసింది. అది నాకు తెలుసు, ఆమె పళ్లు బిగించడం కనిపించింది. అయినా బంతి మెల్లగానే వచ్చింది. కొట్టాను. సగం కొట్టి వదల్లేదు. బంతి ఫీల్డర్ల తల మీదుగా రైలు కట్ట వైపు పోయింది. బేస్‌ల మీదున్న మావాళ్లిద్దరూ పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చారు. ఆట మేం గెలిచాం.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను మొదటి బేస్ దగ్గర ఆగాను. అంతకుముందు ఎప్పుడూ, ఆ బురదలో నన్ను ఈడ్చినప్పుడు కూడా, అంత కోపం రాలేదు. ఆ చేతితో ఆమె ఆ ఆదివారం ఆ ఒక్క బంతి వేసుంటే నేను కొట్టగలిగేదాన్నో లేదో. ఇంక ఎప్పటికీ తెలియదు. కప్పు పోతే పోయింది. ఆ తెలుసుకోవడం నాది, ఆమెది. దాన్ని మా నుంచి లాక్కున్నారు. కొట్టి వదిలేసి వచ్చిన బ్యాటు తీసి ఎవరి మీదికైనా విసరాలనిపించింది. విసరడానికి అక్కడ ఎవరున్నారు, మేమే తప్ప.

గుత్తి అమ్మాయి దిబ్బ మీదే నిలబడి భుజం తడుముకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. వాళ్ల నాయన నీళ్ల సీసాతో లోపలికి రాబోతే చేత్తో ఆగమంది. రైలు కట్ట వైపు పోయిన బంతిని ఎవరో తెచ్చి ఇచ్చారు. దాన్ని తిప్పి తిప్పి చూసి, నన్ను పిలిచింది.

"ఆ ముసుగు యాడ పెట్టినావు?"

సంచిలో ఉంది అన్నాను.

"వేసుకుని కూర్చో. చెయ్యి యాడికి పోతాదో చూడల్ల. రోజూ వేయల్ల. నా బంతి ఎట్ల దిగుతాదో మా క్యాచర్ కన్నా నీకే బాగా తెలుసు."

నేను ముసుగు వేసుకుని గొంతుక్కూర్చున్నాను. ఆమె వేసింది. బంతి నా దాకా రాకముందే నేలకు తగిలి పక్కకు పోయింది. లేచి తెచ్చి తిరిగి విసిరాను. మళ్లీ వేసింది. డ్రిల్లు సారు గొడుగు తెరుచుకుని బండ మీద కూర్చున్నాడు. మిగతావాళ్లు సద్దులు విప్పుకున్నారు. మా ఇద్దరినీ తినడానికి రమ్మని పిలిచారు. ఆమె వినిపించుకోలేదు. నేనూ లేవలేదు.